నీళ్ళలోకి దిగటానికి సాకు కావాలా?

(వికారాబాద్‌లో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న అంశం 'స్త్రీలు - సాహస క్రీడలు'. ఆ కాగితం చూసి మా బడిలో తోటి టీచరు నవ్వింది. "తాండూర్ల ఆడమనిషి రాత్రి తొమ్మిదికి టేషన్ కాడికెళ్ళి ఒక్కతి ఇంటికి నడిచొచ్చుడే పెద్ద సాహసం, ఇంక వేరే క్రీడలెందుకు" అన్నది. ఆమె మాట నిజమే. నేను కూడా క్రీడల మీద ఉపన్యాసం చెప్పబోవటం లేదు. ఆరు నెలలుగా ఒక నిర్ణయం చేయలేక నలిగిపోయాను, ఆ సంగతి చెబుతాను. స్కూబా డైవింగ్‌లో రెండో మెట్టు శిక్షణ, దాన్ని 'అడ్వాన్స్‌డ్' అంటారు, అది తీసుకోవాలా వద్దా అన్నది ఆ నిర్ణయం. ఇదేదో డబ్బున్నవాళ్ళ సరదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. కొంత నిజం కూడా. ఆ మాట దగ్గరికి కూడా వస్తాను.

ముందు అసలు విషయం రెండు ముక్కల్లో. వీపున గాలి నింపిన సిలిండర్ కట్టుకుని, నోట్లో పెట్టుకున్న గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటి అడుగున తిరగటమే స్కూబా. దానికి పనికొచ్చే పరికరాన్ని 1943లో ఫ్రాన్సులో కుస్తో, గాన్యా అనే ఇద్దరు తయారుచేశారు. మొదటి శిక్షణ పేరు 'ఓపెన్ వాటర్'. అది అయినవాళ్ళు 18 మీటర్ల లోతు దాకా దిగవచ్చు. అడ్వాన్స్‌డ్ అయితే 30 మీటర్లు, అంటే పది అంతస్తుల మేడంత లోతు. మొదటిది నేను రెండేళ్ళ క్రితం అండమాన్‌లో పూర్తిచేశాను. సముద్రానికి ఇంత దూరాన ఉన్న మనకు ఈ గోలేమిటంటారా? పక్కనే దామగుండం అడవిలో నౌకాదళం రేడియో కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. నీటి అడుగున ఉన్న జలాంతర్గాములకు సంకేతాలు పంపటానికట. చెట్లు పోతాయని మొత్తుకున్నా సముద్రం మన గుమ్మంలోకి వచ్చింది. మనం సముద్రంలోకి పోతే తప్పేమిటి!

నేను నీళ్ళ దగ్గరికి ఎట్లా వచ్చానో చెప్పాలి. తాండూరువాళ్ళకు కొత్తేమీ కాదు, మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. మా ఊరి చుట్టూ నాపరాతి గనులు. మీ ఇళ్ళలో, బడుల్లో, బస్టాండుల్లో కాళ్ళ కింద ఉన్న బండ చాలావరకు మా వైపు నుంచి వచ్చిందే. రాయి ఉన్నన్నాళ్ళు తవ్వి వదిలేసిన గుంతలు వానలకు నిండుతాయి. చెరువుకు ఒడ్డు వాలుగా ఉంటుంది, కాలి కింద నేల కొద్దికొద్దిగా పోతుంది, భయం వేసి వెనక్కి తిరగటానికి వ్యవధి ఉంటుంది. బండల గుంతకు ఒడ్డు ఉండదు, నిలువు గోడ ఉంటుంది. ఒక్క అడుగు తప్పితే తల మునిగే నీళ్ళు, పైకి పాకుదామంటే పట్టు దొరకదు.

ఏడేళ్ళ క్రితం అట్లాంటి ఒక గుంతలో బట్టలుతకటానికి పోయిన ఒకామె జారిపడింది. ఊరు చెప్పను, పేరు చెప్పను. నా బడిలో చదివే పిల్ల తల్లి. గజ ఈతగాళ్ళను పిలిపించారు. రెండోరోజు మధ్యాహ్నానికి పైకి తెచ్చారు. నీళ్ళలో చీర ఊడిపోయింది. గట్టు మీద వందమంది మగవాళ్ళు, వాళ్ళలో సగం మంది చేతుల్లో ఫోన్లు. నేను పీఈటీని, పిల్లతోపాటు పోయాను. నా చున్నీ తీసి కప్పాను, చాలలేదు. ఇంకొకామె కొంగు చింపి ఇచ్చింది. ఈతగాళ్ళను తప్పుపట్టటానికి ఇది చెప్పటం లేదు. నెల జీతం లేకుండా, ఒక మంచి తాడు కూడా లేకుండా ప్రాణాలకు తెగించి దిగుతారు వాళ్ళు. నీళ్ళలోకి దిగేవాళ్ళలో గానీ, తాడు పట్టుకున్నవాళ్ళలో గానీ ఒక్క ఆడది లేదే అన్నది ఆ రోజు నుంచి నన్ను వదలలేదు.

ఆ తర్వాతి ఎండాకాలం హైదరాబాదులో మా అక్క ఇంట్లో ఉండి ఈత నేర్చుకున్నాను. నాకప్పుడు 34 ఏళ్ళు. పీఈటీనే గానీ ఈత రాదు. మన దగ్గర ఎంతమంది పీఈటీలకు వచ్చు కనుక! ఈత నుంచి స్కూబాకు పోయాను. ఎవరడిగినా ఒకటే జవాబు చెప్పాను: "గుంతల్లో పడ్డవాళ్ళను తీయటానికి పనికొస్తది." ఇంట్లో అదే చెప్పాను, బడిలో అదే చెప్పాను. మన సంఘంలోనూ అదే చెబితే మీరు చప్పట్లు కొట్టారు.

ఈ మాట ఎంతవరకు నిజమో నాకు నేను వేసుకోవాల్సి వచ్చింది ఈ ఆరు నెలల్లోనే.

శిక్షణ గురించి దొరికిందల్లా చదివాను. అడ్వాన్స్‌డ్ అన్న పేరు చూసి పెద్ద విద్య అనుకుంటాం. పేరున్న శిక్షణ సంస్థల్లో పాడి అనేది ఒకటి, 1966లో పుట్టింది. దాని పద్ధతిలో ఇది మొత్తం ఐదు డైవులు. లోతుకు దిగటం, దిక్సూచితో దారి పట్టటం తప్పనిసరి, మిగతా మూడూ మన ఇష్టం. చివరి పరీక్ష లేదు. రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. ఓపెన్ వాటర్‌లో చేసిన నాలుగు డైవులు, ఇవి ఐదు, తొమ్మిది డైవులకే చేతిలో 'అడ్వాన్స్‌డ్' కార్డు పడుతుంది. తొమ్మిదిసార్లు సైకిలెక్కినదాన్ని మనం ఏమంటాం?

కొరియాలో జెజు అనే ద్వీపం ఉంది. అక్కడ హెన్యో అనే ఆడవాళ్ళు సిలిండర్ లేకుండానే ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దిగి నత్తలూ నాచూ ఏరుకొస్తారు. ఇప్పుడున్నవాళ్ళలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళే. 2016లో యునెస్కో వాళ్ళ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్ళలోనూ మెట్లున్నాయి: హాగున్, జుంగ్గున్, సాంగ్గున్ అని మూడు. ఏళ్ళ తరబడి నీళ్ళలో తేలిన అనుభవాన్ని బట్టి ఆ మెట్లు. పైమెట్టున ఉన్న సాంగ్గున్ చిన్నవాళ్ళకు దారి చూపుతుంది. అంత దూరం పోనక్కర్లేదు, తమిళనాడులో పాంబన్ వైపు ఆడవాళ్ళు చీరల మీద చొక్కాలు తొడుక్కుని, వేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకుని నాచు కోయటానికి మునుగుతారు. వాళ్ళలో లక్ష్మీమూర్తి అనే ఆమెకు 2015లో సీకాలజీ బహుమతి వచ్చింది. వాళ్ళెవరి దగ్గరా కార్డులు లేవు. ఇవి చదివాక నాకు కార్డు మీద మోజు సగం తగ్గింది.

మిగతా సగం గుంతల దగ్గర తగ్గింది. సముద్రంలో ఉల్లాసం కోసం నేర్పే చదువు ఇది. బండల గుంతలో నీళ్ళు మసక, చెయ్యి చాపితే చెయ్యి కనిపించదు. అడుగున విరిగిన బండలు, పాత ఇనుప తీగలు. అక్కడ దిగి మనిషిని వెతకటం వేరే విద్య, దానికి వేరే శిక్షణ, పైన తాడు పట్టుకునే జట్టు కావాలి. అడ్వాన్స్‌డ్ తర్వాత 'రెస్క్యూ డైవర్' అని ఒకటుంది, అది కూడా తోటి డైవరుకు ఆపద వస్తే ఆదుకోవటానికే. ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎంత లోతున ఎంతసేపు ఉండవచ్చో చెప్పే పట్టికలు సముద్రమట్టానికి 300 మీటర్ల ఎత్తు దాకానే పనిచేస్తాయి. వికారాబాద్ 600 మీటర్ల పైన ఉంది, తాండూరు కూడా 400 దాటే ఉంది. గాలి ఒత్తిడి ఇక్కడ తక్కువ గనక లెక్కలు మారతాయి, ఎత్తైన చోట దిగటానికి ప్రత్యేకంగా నేర్చుకోవాలి. అంటే ఏ గుంతల పేరు చెప్పి ఇన్నాళ్ళూ అనుమతులు సంపాదించానో, ఆ గుంతల్లో దిగటానికి ఈ కార్డు నాకు హక్కు ఇవ్వదు. దిగితే ఇంకో శవం తేలుతుంది.

మరి ఎందుకు పోవాలనుకుంటున్నాను?

చెబుతాను. చెప్పటానికి మొహమాటంగా ఉంది. నాకు ఇష్టం కనుక. అండమాన్‌లో రెండో డైవులో పన్నెండు మీటర్ల దగ్గర పగడాల మీద నిలబడకుండా, ఈదకుండా, ఊరికే తేలుతూ ఉన్నాను. నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఊపిరి తీస్తే జానెడు లేచాను, వదిలితే జానెడు దిగాను. ఇన్నేళ్ళలో మొదటిసారి నన్ను ఎవరూ పిలవని చోట ఉన్నాను. అంతే. ఈ మాట మా ఆయనకు కూడా చెప్పలేదు. 'సేవ' అని చెబితే ఒప్పుకున్నవాళ్ళు 'ఇష్టం' అని చెబితే ఒప్పుకుంటారా అని భయం. మగవాడు చేపలు పట్టటానికి చెరువుకు పోతే ఎవరికోసం పోతున్నావని అడుగుతామా? మనం మాత్రం బతుకమ్మ ఆడాలన్నా అమ్మవారి పేరు చెప్పుకుని గడప దాటుతాం.

ఇంట్లో వాళ్ళేమన్నారో దాచను. మా అత్తమ్మ "నీకెందుకు బిడ్డా గా నీళ్ళల్ల మునుగుడు, పిల్లలు గలదానివి" అన్నది. అయినా ఆమె భయంలో ప్రేమ ఉంది, నేను దాన్ని తీసిపారేయను. మా ఆయన "ఆ బిగుతు బట్టలు ఏస్కొని, మగ మాస్టరుతోని" అని ఊరుకున్నాడు. ఒక డాక్టరు దగ్గరికి ఆరోగ్య ఫారం తీసుకుపోతే, "మీవారి సంతకం ఏది?" అన్నాడు. ఆ ఫారంలో భర్త సంతకానికి చోటే లేదు. పెద్దవాళ్ళైతే తన సంతకం తనదే. చదవకుండానే అడిగాడాయన. బయటున్నవాళ్ళు నెలసరి రోజుల్లో నీళ్ళలోకి దిగితే సొరచేపలు వస్తాయన్నారు. దానికి రుజువేమీ లేదు, నెలసరి అడ్డంకి కాదు. గర్భంతో ఉన్నప్పుడు మాత్రం దిగకూడదు, బిడ్డకు ఒత్తిడి ఏంచేస్తుందో తెలియదు గనక. ఈ రెండింటికీ తేడా చెప్పేవాళ్ళు మన దగ్గర లేరు.

మన సంఘాన్ని కూడా వదలను. పోయిన జనవరిలో ఇద్దరు అక్కలు మా ఇంటికొచ్చి, "తప్పకుండా పో, మార్చి 8 బ్యానరు మీద నీ ఫోటో వేద్దాం" అన్నారు. ఇంకొకామె "ఆ డబ్బుతో ఎంతమంది ఆడపిల్లలకు ఈత నేర్పొచ్చో లెక్కేశావా?" అన్నది. రెండూ న్యాయంగానే వినిపించాయి. కానీ రెండు మాటల్లోనూ నేను లేను. ఒకరికి జెండా కావాలి, ఒకరికి లెక్క కావాలి. పోయిన ఏడు ఎత్తుకున్న చిట్టీ డబ్బులవి, పదేళ్ళ ఉద్యోగంలో నా కోసం నేను దాచుకున్న మొదటి డబ్బు. మా ఇంటి ముందు నిలబెట్టిన మోటారు సైకిలుకు ఈ లెక్క ఎవరూ అడగలేదు.

ఇంతమంది వద్దన్నారు, ఇంతమంది పొమ్మన్నారు. అసలు ప్రమాదం ఎక్కడుందో ఒక్కరూ అడగలేదు. అది నా రొమ్ములో ఉంది.

మా నాన్న రాళ్ళ పాలిషింగ్‌లో పనిచేసేవాడు. ఇంటికొస్తే కనుబొమల మీద కూడా తెల్లటి దుమ్ము. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయనకు టీబీ వచ్చింది. ఈ గుట్ట మీదే, అనంతగిరి ఆసుపత్రిలో ఉన్నాడు. వికారాబాద్ గాలి రోగులకు మందు అని ఉర్దూలో ఒక సామెత చెప్పేవాళ్ళు మా పెద్దలు, నిజాం కాలంలో ఆ ఆసుపత్రి ఇక్కడ కట్టింది కూడా అందుకే. నాకు కూడా దగ్గు తగులుకుంటే నెలల తరబడి మందులు మింగించారు. నయమైంది. మరచిపోయాను కూడా.

ఓపెన్ వాటర్‌కు చేరేటప్పుడు ఒక ఫారం ఇస్తారు. గుండె, చెవులు, మూర్ఛ, గర్భం, ఊపిరితిత్తులు, అన్నీ అడుగుతారు. ఊపిరితిత్తుల జబ్బు ఎప్పుడైనా వచ్చిందా అన్న దగ్గర నేను 'లేదు' అని టిక్కు పెట్టాను. మరిచిపోయి కాదు, గుర్తుండే పెట్టాను. 'అవును' అంటే డాక్టరు కాగితం తెమ్మంటారు, వెనక్కి పంపుతారు, మళ్ళీ రానివ్వరు అని. జీవితమంతా అనుమతి కోసం అవతలివాళ్ళకు నచ్చే జవాబు చెప్పటం అలవాటైనదాన్ని, నా ఊపిరి గురించి కూడా అదే చెప్పాను.

అదెంత పిచ్చిపనో తర్వాత చదివి తెలుసుకున్నాను. నీళ్ళలో ప్రతి పది మీటర్లకూ గాలి ఒత్తిడంత ఒత్తిడి అదనంగా పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర పైన ఉన్నదానికి నాలుగింతలు. సిలిండర్‌లో గాలి పైన గంట వస్తే అక్కడ పావుగంట. నైట్రోజన్ వల్ల తలకు మత్తులాంటిది ఎక్కవచ్చు, తప్పుడు నిర్ణయం చేస్తూ అది మంచి నిర్ణయమే అనుకుంటాం. ఎరుపు రంగు కనిపించదు, చెయ్యి కోసుకుంటే రక్తం ఆకుపచ్చగా కనబడుతుంది. పాడి పట్టిక ప్రకారం 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు ఉండగలిగితే 30 దగ్గర 20 నిమిషాలే. అన్నిటికన్నా ముఖ్యం, పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది. అందుకే ఊపిరి ఎప్పుడూ బిగబట్టొద్దని మొదటిరోజే చెబుతారు. పాత జబ్బు వదిలిన మచ్చ దగ్గర గాలి ఇరుక్కుంటే, మనం బిగబట్టకపోయినా అది అక్కడే చిట్లవచ్చు. చిట్లితే గాలి బుడగ రక్తంలోకి పోతుంది. మెదడుకు పోతే ఇంక చెప్పేదేముంది. నేను నాలుగుసార్లు దిగి బతికి వచ్చాను. జాగ్రత్త వల్ల కాదు, అదృష్టం వల్ల.

అప్పుడు నాకు నా నిర్ణయం ఏమిటో అర్థం కావటం మొదలైంది. 'పోనిస్తారా' అన్న ప్రశ్నతో కొట్లాడుతున్నంతసేపూ 'పోవచ్చా' అన్న ప్రశ్న వేసుకోలేదు నేను. 1970లో అమెరికాలో టెక్టైట్ అనే ప్రయోగంలో సిల్వియా ఎర్ల్ నాయకత్వాన ఐదుగురు స్త్రీలు సముద్రం అడుగున ఒక గదిలో రెండు వారాలున్నారు. ఆడా మగా కలిపి ఉంచటానికి అధికారులకు మనసొప్పక విడిగా ఆడవాళ్ళ జట్టు పెట్టారు. పత్రికలు వాళ్ళకు ఆటబొమ్మల పేర్లు పెట్టాయి. వాళ్ళు మాత్రం రోజుకు గంటల తరబడి నీళ్ళలో పనిచేసి చేపల గురించి రాసుకున్నారు. 2017-18లో తారిణి అనే తెరచాప పడవ మీద ప్రపంచం చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదు అమ్మాయి, స్వాతి విశాఖపట్నం అమ్మాయి. నౌకాదళంలో ఆడవాళ్ళకు శాశ్వత కమిషన్ ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది 2020 మార్చిలో. తలుపు తెరిపించటానికి కోర్టుదాకా పోవాలి, నిజమే. తెరిచాక లోపల గాలి ఎంతుందో చూసుకోవాల్సింది మాత్రం దిగేవాళ్ళే.

హైదరాబాదులో ఛాతీ వైద్యురాలి దగ్గరికి పోయాను. ఆమెకు అన్నీ చెప్పాను, అబద్ధం టిక్కు సంగతి కూడా. కోప్పడలేదు. ఎక్స్‌రే, ఊపిరి ఊదే పరీక్ష, స్కానింగు చేయించింది. రిపోర్టు వచ్చేదాకా పదిరోజులు. ఆ పదిరోజులు నేను నిద్రపోలేదు. 'కుదరదు' అంటే? అంటే మానేయాలి. అత్తమ్మ వద్దన్నందుకు కాదు, ఆయన మొహం ముడుచుకున్నందుకు కాదు, నా ఊపిరితిత్తులు నాకు చెప్పినందుకు. అట్లా మానేసినా అది నా నిర్ణయమే అవుతుందని అప్పుడు మొదటిసారి అనిపించింది, కొంచెం ధైర్యం కూడా వచ్చింది. రిపోర్టులో మచ్చ చిన్నది ఉంది, గాలి ఇరుక్కునే చోటు కనిపించలేదు. దిగవచ్చని సంతకం పెట్టింది. ప్రతి ఏడూ వచ్చి చూపించుకొమ్మంది.

ఇంటికొచ్చి మా ఆయనను కూర్చోబెట్టి చెప్పాను, సేవ కాదు, గుంతల కోసం కాదు, నాకు ఇష్టం అని. చాలాసేపు మాట్లాడలేదు. "గింతకాలం అబద్ధమాడినవా" అన్నాడు. ఆడానన్నాను. ఆ మాట ఆయనకు నొప్పి కలిగించింది, బట్టల సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఒప్పుకున్నాడని చెప్పను. నేను ఒప్పుకోమని అడగలేదు.

ఇక గుంతల సంగతి. దాన్ని నా ఇష్టం నుంచి విడదీశాక ఆ పని కూడా సూటిగా కనబడింది. దానికి ముందు కావాల్సింది సిలిండర్ కాదు, కంచె. 1961 నాటి మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం బహిరంగ గనుల అంచున కంచె ఉండాలి, వదిలేసే ముందు కూడా వేసి పోవాలి. మన సంఘం తరఫున ఏ గుంతకు కంచె ఉంది, దేనికి లేదు అని తిరిగి రాస్తే చాలు, అర్జీ దానంతటదే తయారవుతుంది. గట్టున ఒక తాడు, గాలి నింపిన లారీ ట్యూబు. ఆడవాళ్ళు బట్టలుతకటానికి గుంతకు ఎందుకు పోతున్నారో, అంటే నల్లా ఎందుకు రావటం లేదో, అది కూడా అడగాలి. 2023 సంక్రాంతి సెలవుల్లో కోట్‌పల్లి ప్రాజెక్టులో నలుగురు యువకులు మునిగిపోయారు, 2025 జూన్‌లో సర్పన్‌పల్లిలో పడవ తిరగబడి ఇద్దరు ఆడవాళ్ళు పోయారు. ఇవేవీ డైవర్లు లేక జరిగినవి కావు. నేను మా బడిలో పిల్లలకు నీళ్ళలో పడ్డవాళ్ళకు ఊపిరి అందించే పద్ధతి, ఛాతీ నొక్కే పద్ధతి నేర్పటం మొదలుపెట్టాను. దానికి సముద్రం అక్కర్లేదు, ఒక చాప చాలు.

ఫిబ్రవరిలో అండమాన్ పోతున్నాను. పోగానే అడ్వాన్స్‌డ్‌లో చేరను. మొదటి మూడు రోజులు 18 మీటర్ల లోపే, నాకు ఇప్పటికే ఉన్న కార్డుతో దిగుతాను, చెయ్యి తిరిగేదాకా. ఆ తర్వాత లోతుకు దిగాలనిపిస్తే ఐదూ చేస్తాను, అనిపించకపోతే మూడుతో ఆపేస్తాను, మూడు చేసినవాళ్ళకు కూడా ఒక చిన్న కార్డు ఇస్తారు. శిక్షకుడికి ముందే రాసి చెప్పాను. ఆఖరి డైవుకూ విమానానికీ 18 గంటల ఎడం ఉండాలి, టికెట్టు అట్లానే తీశాను.

ఫారం మళ్ళీ నింపాను. ఊపిరితిత్తుల దగ్గర 'అవును' అని టిక్కు పెట్టి డాక్టరమ్మ కాగితం జతచేశాను. ఆపదలో ఎవరికి చెప్పాలి, వారితో మీ సంబంధం ఏమిటి అన్న గడి ఉంది. మా అమ్మాయి పేరు రాయబోతే, దానికి పదిహేనేళ్ళు, "అమ్మమ్మ పేరు రాయి, నేను ఫోనెత్తను, ఏడుస్త" అన్నది. కడకు మా ఆయన పేరే రాశాను. ఆయన చూసి నంబరు తప్పుందని దిద్దాడు.

ఇంక ఎవరైనా అడిగేదుంటే అడగండి. తాండూరు బస్సు ఐదున్నరకు, అప్పటిదాకా ఉంటాను.